రెండోసారి కనిపించిన చేప

ఉప్పుకయ్యపాలెం,
12 ఆగస్టు 2024.

మచిలీపట్నం చేపల పరిశోధన కేంద్రం ఆఫీసరు గారికి,

కోడూరు మండలం ఉప్పుకయ్యపాలెం నుంచి గేలం చేపల కోటిలింగం నమస్కరించి రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట మా ఊరికి ఎదురుగా, ఒడ్డుకు గంట దూరాన, చేపలు గూళ్ళు పెట్టుకోవడానికి సముద్రంలో సిమెంటు దిమ్మలు దించారు కదండీ. మా ఊళ్ళో దాన్ని చేపల కాలనీ అంటారు. మనుషుల కాలనీ ఇంకా రాలేదు, అది వేరే సంగతి. ఆ దిమ్మల దగ్గర వల వేయకూడదు, గేలమే వేయాలి, జానెడు లేని చేపను వదిలేయాలి అని ఊరంతా కూర్చుని కట్టుబాటు చేసుకున్నాం.

నిన్న పొద్దున నా గేలానికి ఒక బొంత చేప పడింది. వీపు మీద పసుపుపచ్చ ప్లాస్టిక్ దారం, దాని మీద 417 అనే అంకె, మీ ఆఫీసు పేరు ఉన్నాయి. చేప జానకు ఒక వేలు తక్కువ. వదిలేశాను. మీ వస్తువు మా నీళ్ళలో తిరుగుతున్నదని తెలియజేయడం నా ధర్మం.

ఇట్లు,
విధేయుడు కోటిలింగం.

తా.క.: జవాబు రాస్తే కొంచెం గుట్టుగా రాయండి. చేతికొచ్చిన చేపను వదిలేశానని మా ఇంటావిడకు తెలియదు.

*

(కార్డు)
మచిలీపట్నం,
20 ఆగస్టు 2024.

కోటిలింగం గారికి నమస్కారం.

మీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. మీరు కోరినట్టే ఆ మాట ఎత్తకుండా రాస్తున్నాను. 417 ఆడది. వయసు చిన్నది. పోయిన ఫిబ్రవరిలో నేనే స్వయంగా అక్కడ దింపి వచ్చాను. చోటు మారకుండా అక్కడే ఉంటుందా, ఎటైనా వెళ్ళిపోతుందా అన్నదే మాకు తెలియాలి. మళ్ళీ కలిస్తే ఏ రోజు, ఏ వేళకు కలిసిందో తప్పకుండా రాయండి. చెయ్యి తడి చేసుకుని మెత్తగా పట్టుకోండి. భయపడుతుంది.

ఇట్లు,
జ్యోతిర్మయి.

తా.క.: పొడవుతో పాటు నడుము చుట్టుకొలత కూడా పంపగలరు.

*

ఉప్పుకయ్యపాలెం,
26 ఆగస్టు 2024.

జ్యోతిర్మయి అనే ఆమెకు,

కోటిలింగం పెళ్ళాం పోలమ్మ రాయించేది ఏంటంటే. రాసేది మా పోస్టుమేన్ ఏలీయా. నాకు చదువు రాదు గానీ చెవులు బాగా వినపడతాయి. నీ కార్డు ఏలీయా మా అరుగు మీద నిలబడి గట్టిగా చదివాడు. అప్పుడు అరుగు మీద రొయ్యలు వలిచే ఆడవాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఇప్పుడు ఊరంతా ఉంది.

అరవై ఆరేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులు. కోడి కూయకముందే సముద్రం మీదికి పోతుంటే పాపం ఎంత కష్టపడుతున్నాడో అనుకున్నాను. నలభై ఏళ్ళ కాపురంలో నా నడుము ఎంతుందని ఏనాడన్నా అడిగాడా? చెయ్యి తడి చేసుకుని పట్టుకోవాలా? ఇక్కడ నాకు జొరమొస్తే తడిగుడ్డ వెయ్యడానికి దిక్కులేదు.

నువ్వు ఎవరి పిల్లవో, ఎవర్ని తెచ్చి దింపి పోయావో నాకు తెలియదు. సముద్రం మధ్య ఆడమనిషి ఎట్టా ఉంటుందమ్మా అని ఏలీయా అడుగుతున్నాడు. ఉండదలుచుకున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. వచ్చి తీసుకుపో.

ఇట్లు,
పోలమ్మ, వేలిముద్ర.

తా.క.: ఆయన్ని అడిగితే "ఆఫీసు విషయం" అంటాడు. ఈయనకు ఆఫీసు ఎప్పుడొచ్చింది?

మరొక తా.క.: అమ్మా, తిట్లు కొన్ని నేనే తగ్గించాను. క్షమించగలరు. - ఏలీయా.

*

మచిలీపట్నం,
2 సెప్టెంబరు 2024.

పోలమ్మ పిన్ని గారికి,

జ్యోతిర్మయి కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తూ రాస్తున్నది. అమ్మా, 417 మనిషి కాదు. చేప. బొంత చేప. చేపలు ఎంత పెరుగుతున్నాయో, ఎక్కడ ఉంటున్నాయో తెలుసుకోవడానికి అంకె వేసి వదులుతాం. బాబాయి గారు కట్టుబాటు ప్రకారం దాన్ని వదిలేసి, మీరు కోప్పడతారని చెప్పలేదు. తప్పంతా నా కార్డుది.

నేను గుడివాడ పిల్లను. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. మీ ఉత్తరాన్ని మా పై ఆఫీసరు భుజంగరావు గారు విప్పారు. నన్ను పిలిచి, తలుపు దగ్గరికి వేసి, "మీ సొంత విషయాల్లో నేను తలదూర్చను గానీ..." అని మొదలుపెట్టారు. అది చేప అని ఆయనకు నచ్చజెప్పేసరికి సాయంత్రమైంది.

ఇట్లు,
మీ కూతురు లాంటి జ్యోతిర్మయి.

తా.క.: బాబాయి గారూ, జానలూ వేళ్ళూ కాకుండా కొలతలు సెంటీమీటర్లలో పంపగలరు. మీ జాన ఎంతో మాకు తెలియదు.

*

ఉప్పుకయ్యపాలెం,
14 అక్టోబరు 2024.

అమ్మాయి జ్యోతిర్మయికి ఆశీస్సులు.

నీ ఉత్తరంతో ఇంట్లో ఒక గొడవ ఆగి ఇంకో గొడవ మొదలైంది. "మనిషైతే నాలుగు రోజుల్లో నీ మొహం చూసి తనే పోయేది. దొరికిన బొంతను నీళ్ళలో పారేసే మొగుడితో నేనెట్టా వేగను?" అని రెండు పూటలు పచ్చడి మెతుకులు పెట్టింది.

417 మళ్ళీ రెండుసార్లు పడింది. మంచి తిండిపోతు. మా ఇంట్లో ఉన్న ఒక్క స్కేలూ మనవరాలు బడికి పట్టుకుపోయింది. అందుకని వల అల్లే దారాన్ని దాని మూతి నుంచి తోక చివర దాకా పట్టి, అక్కడ తెంపాను. ఆ దారాలే పంపుతున్నాను. మీ దగ్గర స్కేళ్ళు చాలా ఉంటాయి గదా, కొలుచుకోండి. తెల్ల దారం పొడవు, నల్ల దారం నడుము. తేదీలు కాగితం ముక్క మీద రాసి ముడేశాను.

ఇట్లు,
కోటిలింగం.

తా.క.: పోలమ్మ చెప్తుంది, రాయమంటుంది: ఆ చేపకు సవతి అని పేరు పెట్టాను. ఇప్పుడది జానెడు దాటిందంట. కట్టుబాటు ప్రకారం ఇక కూర వండుకోవచ్చు. నువ్వు ఒక్కమాట సరేనంటే చాలు.

*

మచిలీపట్నం,
9 డిసెంబరు 2024.

బాబాయి గారికి, పిన్ని గారికి నమస్కారాలు.

అక్టోబరు తర్వాత పంపిన మూడు జతలతో కలిపి, మీ దారాలు అయిదు జతలూ అందాయి. దయచేసి కూర వద్దు పిన్నీ. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లకు పైగా పెరిగింది, అదే దిమ్మల దగ్గర. ఇంత మంచి వివరం మాకు ఇంకెక్కడి నుంచీ రాలేదు.

ఒక వింత చెప్తాను. ఈ జాతి చేపలు ఆడవిగానే పుడతాయి. బాగా పెద్దవయ్యాక వాటిలో కొన్ని మగవిగా మారతాయి. చిన్నవాటిని పట్టేస్తే గుడ్లు పెట్టేందుకు ఆడవి మిగలవు. పెద్దవాటిని పట్టేస్తే మగవి మిగలవు. మొన్న ఆదివారం గుడివాడ మార్కెట్లో జానెడైనా లేని బొంతలు కుప్ప పోసి ఉన్నాయి. ప్లేటుకు ఒకటి సరిపోతుందని మెస్సుల వాళ్ళు అవే అడుగుతారట. ఒక్కదానికైనా గుడ్డు పెట్టే వయసు రాలేదు. అక్కడే నిలబడి అందరికీ ఈ సంగతి చెప్పాను. మా అమ్మ నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది.

ఇట్లు,
జ్యోతిర్మయి.

తా.క.: నా బట్టలన్నీ చేపల వాసనని అమ్మ వాటిని విడిగా ఉతుకుతోంది. ఈ మధ్య నన్ను కూడా విడిగా కూర్చోబెట్టి అన్నం పెడుతోంది.

*

ఉప్పుకయ్యపాలెం,
11 జనవరి 2025.

అమ్మాయి జ్యోతిర్మయికి ఆశీస్సులు.

చిన్నవి పట్టకూడదు, పెద్దవి పట్టకూడదు. మరి మేం ఏం పట్టాలని ఊళ్ళో అడిగారు. నడిమివి పట్టండి అన్నాను. నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. జానెడు లోపుదీ, మూరకు మించిందీ వదిలేయాలని కట్టుబాటులో కొత్తగా కలుపుకున్నాం. మూర ఎవరి చేత్తో అన్న దాని మీద మాత్రం పెద్ద రభస జరిగింది. చివరికి నా చెయ్యే ఖాయం చేశారు. ఇప్పుడు ప్రతివాడూ చేప పట్టుకుని మా ఇంటికొచ్చి నా చెయ్యి చాపమంటున్నాడు.

ఆరో దారం పంపుతున్నాను. ఇది ఐదో దారం కంటే కొంచెం పొట్టిగా వచ్చింది. చేప తగ్గదు గదా. చలికి వేళ్ళు కొంకర్లు పోయి దారం తోక చివర దాకా సరిగా పట్టలేకపోయాను. అయినా తెంపింది తెంపినట్టే పంపుతున్నాను.

ఇట్లు,
కోటిలింగం.

తా.క.: పోలమ్మ అడుగుతుంది: మగదిగా మారితే ఇక సవతి అనకూడదు గదా? మరిది అనాలా? మరిదికైతే భోజనం పెట్టాల్సి వస్తుంది, ముందే చెప్పు.

*

మచిలీపట్నం,
17 ఫిబ్రవరి 2025.

కోటిలింగం గారికి,

ఈ ఉత్తరం రాయడం నాకు ఇష్టం లేదు. కానీ రాయమన్నారు.

మీ పక్క పాలెం ఇంజను బోట్ల కోదండరామయ్య గారు అర్జీ పెట్టారు. చేపలు ఒకచోట ఉండేవి కావు, ఈరోజు దిమ్మల దగ్గరున్నది రేపు ఎక్కడో ఉంటుంది, అలాంటప్పుడు దిమ్మల దగ్గర వలలు ఎందుకు వేయనివ్వరు అని అడిగారు. మార్చిలో ఇక్కడ మీటింగు. అక్కడే ఉంటాయని చూపడానికి మా దగ్గరున్నది ఎక్కువగా మీ ఉత్తరాలే. ఒకే చేప ఒకే మనిషికి ఏడుసార్లు దొరకడం జరిగే పని కాదని, కట్టుబాటు నిలబడాలని మీరు ఇంట్లో కూర్చుని దారాలు తెంపుతున్నారని వాళ్ళు అంటున్నారు. చేప వీపు మీది అంకె ఎందుకు కోసి పంపలేదని భుజంగరావు గారు కూడా అడుగుతున్నారు. మీ వివరణ కావాలి.

ఇట్లు,
జ్యోతిర్మయి, పరిశోధన సహాయకురాలు.

తా.క.: పై ముక్క ఫైలు కోసం. ఇది మీ కోసం. నేను ఒక్క రోజు కూడా అనుమానపడలేదు బాబాయి గారూ.

*

ఉప్పుకయ్యపాలెం,
22 ఫిబ్రవరి 2025.

ఆఫీసు వారికి,

కోటిలింగం వివరణ.

అంకె కోసేస్తే అది ఏ చేపో నాకెట్టా తెలుస్తుంది? అందుకే కోయలేదు.

పద్నాలుగో ఏట నుంచి సముద్రం మీద ఉన్నాను. వేలకు వేల చేపల్ని చూశాను. దేన్నైనా ఒక్కసారే చూశాను. పడవలోకి వస్తుంది, గంపలోకి పోతుంది, అంతే. రెండోసారి చూసిన చేప నా జన్మకు ఇదొక్కటే. మొదట్లో అంకె చూసి గుర్తుపట్టాను. ఇప్పుడు అంకె చూడక్కర్లేదు. ఎడమ దవడ కింద చిన్న మచ్చ ఉంటుంది. గేలం పట్టుకుని లాగే తీరు కూడా వేరు. ఇది అబద్ధమంటే నేను చెప్పేది ఇంకేం లేదు. మీటింగుకు రాను.

ఇట్లు,
కోటిలింగం.

తా.క.: పోలమ్మ రాయించేది (ఆయన నిద్రపోతున్నాడు, ఏలీయా రాస్తున్నాడు): మా ఆయన అబద్ధాలు ఆడతాడు. పెళ్ళిలో తన వయసు మూడేళ్ళు తగ్గించి చెప్పాడు. కానీ చేపల మీద ఆడడు. మూడు రోజుల నుంచి గేలం ముట్టుకోలేదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

*

మచిలీపట్నం,
21 మార్చి 2025.

బాబాయి గారికి నమస్కారాలు.

మీరు గెలిచారు. ఎలాగో చెప్తాను, కూర్చుని చదవండి.

మీటింగులో మీ తెల్ల దారాలు ఆరూ వరసగా అట్ట మీద గుచ్చి పెట్టాను. కోదండరామయ్య గారు లేచి, "దారం తెంపడం ఎంతసేపండీ? ఇవాళ ఒక వేలు పెంచి, రేపు ఇంకో వేలు పెంచి తెంపితే సరి" అన్నారు. అందరూ నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భుజంగరావు గారు కళ్ళజోడు తుడుచుకుని అట్ట దగ్గరికి వచ్చారు. చాలాసేపు చూసి, ఆరో దారం మీద వేలు పెట్టి, "ఇది ఐదో దానికంటే పొట్టిగా ఉందేం?" అన్నారు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయన్న మీ జనవరి ఉత్తరం చదివి వినిపించాను. ఆయన కోదండరామయ్య గారి వైపు తిరిగి, "ఏవండీ, మీరూ చేపల మనిషే. చేపల గురించి అబద్ధం చెప్పేవాడు చేపను పెంచుతాడా, తగ్గిస్తాడా?" అని అడిగారు. కోదండరామయ్య గారు కాసేపు ఆలోచించి, "పెంచుతాడండీ" అని కూర్చున్నారు.

ఇంకో రెండేళ్ళు దిమ్మల దగ్గర వలలు వేయకూడదని రాసుకున్నారు. జానా మూరల కట్టుబాటు వేరే ఊళ్ళకు కూడా చెప్పమన్నారు.

ఇట్లు,
మీ జ్యోతిర్మయి.

తా.క.: మూరకు కొలత మీ చెయ్యే కావాలంటున్నారు. చెయ్యి పంపలేరు కాబట్టి ఒక దారం పంపండి.

*

ఉప్పుకయ్యపాలెం,
12 ఆగస్టు 2025.

అమ్మాయి జ్యోతిర్మయికి ఆశీస్సులు.

చాలా రోజులు ఉత్తరం రాయలేదు. రాయడానికేం లేక రాయలేదు. ఏప్రిల్ నుంచి 417 కనిపించలేదు. మే నెల గాలులకు సముద్రం అల్లకల్లోలమైపోయింది. ఆ తర్వాత నెలల తరబడి దిమ్మల చుట్టూ ఏ మూల గేలం వేసినా వేరే చేపలే. నాలుగు పక్కలా మూడు నెలలు తిరిగాను. గెలిచింది ఎవరి మూలానో అది లేకపోతే ఎట్టాగో ఉంటుందమ్మా. జులైలో నావ ఒడ్డుకు లాగేసి ఊరికే కూర్చున్నాను.

మా ఆవిడే, "ఇంట్లో కూర్చుంటే చేప అరుగెక్కి వస్తుందా? పోయి చూడు" అని సోమవారం పొద్దున తెడ్డు చేతిలో పెట్టి వెళ్ళగొట్టింది. పోయాను. మొదటి గేలానికే పడింది! అదే దవడ మచ్చ, అదే లాగుడు, పసుపు దారం. జానెడున్నర ఉంది. ఎక్కడెక్కడ తిరిగిందో ఏమో, దారి వెతుక్కుంటూ తన గూటికి తనే తిరిగొచ్చింది. ఎవరూ లేరు గదా, కాసేపు ఏడ్చాను.

ఇట్లు,
కోటిలింగం.

తా.క.: ఈసారి ఏ కారణం చేతనో పోలమ్మ కూర మాట ఎత్తలేదు.

*

మచిలీపట్నం,
19 ఆగస్టు 2025.

బాబాయి గారికి,

మీ ఉత్తరం చదివి ఆఫీసులో గట్టిగా అరిచాను. భుజంగరావు గారు అందరికీ టీ తెప్పించారు. నాలుగు నెలలు దూరంగా తిరిగి కూడా బొంత చేప తన గూటికి తనంతట తానే తిరిగొచ్చింది! ఇది చాలా పెద్ద విషయం. వచ్చే నెల ఒక పెద్ద సభలో దీని మీద పేపరు చదవబోతున్నాను. మీ పేరు కూడా ఉంటుంది. ఇంకేమైనా వివరాలుంటే ఈలోగా రాయండి.

ఇట్లు,
మీ జ్యోతిర్మయి.

తా.క.: పేపరు చదివే రోజు కట్టుకోవడానికి పెడన కలంకారీ చీర కొన్నాను. మీద చేపలు అచ్చు వేసి ఉన్నాయి. ఇప్పుడు చీరకు కూడా వాసన వస్తుందేమోనని అమ్మ బెంగ.

*

ఉప్పుకయ్యపాలెం,
25 ఆగస్టు 2025.

అమ్మాయి జ్యోతిర్మయికి,

పిన్ని పోలమ్మ రాయించేది. ఏలీయా చేత బైబిలు మీద ఒట్టు వేయించి రాయిస్తున్నాను. నువ్వు సభలో తప్పు చదవకూడదని చెప్తున్నాను, లేకపోతే చెప్పేదాన్ని కాదు.

ఆ చేప తనంతట తను రాలేదు.

జులై నెలాఖరున మీ బాబాయి మోకాలి మందుకని కోడూరు పోయాడు. అప్పుడు కోదండరామయ్య అన్నయ్య మా గుమ్మంలోకి నీళ్ళ టబ్బు మోయించుకుని వచ్చాడు. అందులో సవతి ఉంది, బతికే ఉంది. "చెల్లెమ్మా, నా వలలో పడింది. దిమ్మలకు చాలా దూరాన, ఒట్టు. పసుపు దారం చూశాను. నలుగురిలో బావను అబద్ధాలకోరన్నది నేనే. దీన్ని అమ్ముకుంటే నాకు అన్నం సయించదు. ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు.

నేను వంగి చూశాను. ఇంతకాలం కూరగానే అనుకున్నాను గదా, మొహం ఎప్పుడూ చూడలేదు. దవడ కింద మచ్చ ఉంది. ఆయన చెప్పినట్టే ఉంది. "పట్టింది నువ్వు, దింపాల్సిందీ నువ్వే. పద" అన్నాను. "నువ్వెందుకు చెల్లెమ్మా" అన్నాడు. నీ మీద నమ్మకం లేదన్నాను.

మా ఇళ్ళలో ఆడవాళ్ళం పడవెక్కం. చేపలు మేం అమ్ముతాం గానీ పట్టేచోటు ఏనాడూ చూళ్ళేదు. దారిలో రెండుసార్లు కక్కుకున్నాను. దిమ్మల దగ్గరికి పోయాక చెయ్యి తడి చేసుకున్నాను, మెత్తగా పట్టుకున్నాను, నీళ్ళలో పెట్టాను. కాసేపు నా చేతుల మధ్యే ఉంది. తర్వాత పోయింది.

అప్పుడు ఒడ్డు వైపు తిరిగి చూశాను. మా ఇల్లు లేదు. ఊరు లేదు. చివరాఖర్న చెట్ల గీత ఒకటి సన్నంగా, అంతే. చుట్టూ ఏమీ లేదు. ఇన్నేళ్ళూ రోజూ ఆయన ఇంత ఖాళీలోకి వచ్చి ఒక్కడే కూర్చుని పోతున్నాడన్నమాట. ఇంటికొచ్చాక ఎట్టా ఉందయ్యా అని నేను ఏనాడూ అడగలేదు. ఎన్ని పడ్డాయి అనే అడిగాను. అట్టాంటి చోట తెలిసిన మొహం ఒకటి కనబడితే మనిషికి ఎట్టా ఉంటుందో నాకు అక్కడ తెలిసింది.

అది దిమ్మల్ని అంటిపెట్టుకుని ఉంటుందో లేదో అని పది రోజులు ఆగి, ఆయన్ని పొమ్మన్నాను. ఉంది.

ఇప్పుడు ఆయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, అది తనని వెతుక్కుంటూ ఎట్టా వచ్చిందో ఊరికి చెప్తున్నాడు. కోదండరామయ్య అన్నయ్య కూడా వచ్చి కూర్చుని, "అవును బావా, వస్తుంది బావా" అంటున్నాడు. నేను రొయ్యలు వలుచుకుంటూ వింటున్నాను. ఈ మధ్య పొద్దున ఆయన రాగానే, ఇవాళ సముద్రం ఎట్టా ఉందని అడుగుతున్నాను. చాలా చెప్తున్నాడు.

ఇట్లు,
నీ పిన్ని పోలమ్మ, వేలిముద్ర.

తా.క.: నీ పేపర్లో నిజమే రాసుకో. మోసుకొచ్చారనే రాయి. కానీ ఇంగ్లీషులో రాయి.